పాత కంప్యూటరులో హార్డ్ డిస్క్ మొరాయిస్తే: ముందు సమాచారం, ఆ తరువాతే మరమ్మతు

తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి ప్రాంతాలలోని క్యాంపుల్లోనూ, రాయచూరు గంజ్‌లోని కమీషన్ దుకాణాల్లోనూ, శక్తినగర్ ఉద్యోగుల ఇళ్లలోనూ 2000 దశకంలో కొన్న కంప్యూటర్లు ఇప్పటికీ అక్కడక్కడ ఒక మూల కనిపిస్తాయి. రోజూ వాడుక లేకపోయినా వాటిని పారవేయడానికి మనసొప్పదు. ఇంట్లో జరిగిన పెళ్లి ఫోటోలు, పత్తి, వడ్ల లెక్కలు, పై చదువులకు వెళ్లిన పిల్లలు రాసిన ఉత్తరాలు, పెద్దలు తెలుగులో టైపు చేయించుకున్న వ్యాసాలు వాటిలోనే ఉండిపోయాయి. తూకానికి వేస్తే ఆ యంత్రానికి వచ్చేది కొద్దిపాటి సొమ్మే. లోపలి సమాచారాన్ని మాత్రం ఏ బజారులోనూ తిరిగి కొనలేము.

అటువంటి కంప్యూటరులో డిస్క్ డ్రైవు పనిచేయడం మానినప్పుడు లోపం ఎక్కడ ఉన్నదో ఎట్లా గుర్తించాలి, ఇంట్లో చేయదగినదేమిటి, ఎక్కడ చేయి ఆపాలి అన్న విషయాలను వరుసక్రమంలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. దీనికంతటికీ ఒకే సూత్రం మూలం. పాడయిన డిస్కును బాగుచేయడం మన మొదటి పని కాదు. అందులోని సమాచారాన్ని వేరొక చోటికి చేర్చడం మొదటి పని. ఈ వరుస తప్పడం వల్లనే చాలా ఇళ్లలో దక్కవలసిన సమాచారం దక్కకుండా పోతున్నది.

హార్డ్ డిస్క్ లోపల ఏమున్నది?

ప్రపంచంలో మొదటి హార్డ్ డిస్కును ఐబీఎం సంస్థ 1956 సెప్టెంబరులో ప్రకటించింది. హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరినదీ ఆ ఏడాది నవంబరులోనే. 24 అంగుళాల వెడల్పు గల 50 పళ్లేలున్న ఆ యంత్రంలో సుమారు 50 లక్షల అక్షరాలు మాత్రమే పట్టేవి. మన ఇళ్లలోని పాత కంప్యూటర్లలో ఉన్నది మూడున్నర అంగుళాల డిస్క్. పరిమాణం తగ్గింది గాని పనితీరు మూలంలో మారలేదు.

అయస్కాంత పూత గల పళ్లెం తిరగలి వలె నిమిషానికి 5400 లేదా 7200 చుట్లు తిరుగుతుంది. ఒక చేయి చివర అమర్చిన హెడ్ దానిపై ఆనకుండా, గాలి పొర మీద తేలుతూ సమాచారాన్ని చదువుతుంది. ఆ రెంటి మధ్య ఎడం వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. కంటికి కనిపించని ధూళికణం కూడా అక్కడ బండరాయితో సమానం. అందువల్ల డిస్క్ మూతను ఇంట్లో గాని, మామూలు మరమ్మతు దుకాణంలో గాని ఎట్టి పరిస్థితిలోనూ విప్పరాదు. పైన కనిపించే చిన్న రంధ్రం గాలి ఒత్తిడిని సరిచేయడానికి వడపోతతో అమర్చినది. దానిపై టేపు అంటించడం కూడా పొరపాటే.

సమాచారం 512 బైట్ల చొప్పున సెక్టార్లు అనే చిన్న గదులలో ఉంటుంది. ఒక గది బలహీనపడితే డిస్క్ దానిని పక్కన పెట్టి, తన వద్ద అదనంగా ఉన్న గదిని వాడుకొంటుంది. ఈ సర్దుబాటు మనకు తెలియకుండానే జరుగుతుంది. అదనపు గదులు తరిగిపోతున్న కొద్దీ లోపం బయటపడుతుంది.

మన ప్రాంతపు పరిస్థితులు

వేడి: రాయచూరులో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. మూసి ఉన్న పెట్టెలో, ఆగిపోయిన ఫ్యాను కింద డిస్క్ వేడి గది వేడికంటే మరింత పెరుగుతుంది. చాలా డిస్కులకు తయారీదారులు నిర్దేశించిన గరిష్ఠ పరిమితి సుమారు 60 డిగ్రీలు. మధ్యాహ్నపు ఎండలో పాత యంత్రాన్ని పరీక్షించడం కన్నా తెల్లవారుజామున చేయడం మేలు.

దుమ్ము: జిన్నింగు మిల్లుల సమీపంలో పత్తి నూగు, రైసు మిల్లుల సమీపంలో తవుడు ధూళి ఫ్యాను రెక్కలకు, పవరు సప్లై జాలీలకు పట్టి గాలిని అడ్డుకొంటాయి. డిస్క్ లోపలికి ఇవి పోవు. అయితే వేడిని పెంచి దానిని పరోక్షంగా దెబ్బతీస్తాయి.

కరెంటు: జిల్లాలో 1985లోనే రాయచూరు థర్మల్ విద్యుత్ కేంద్రం మొదటి యూనిట్ పనిచేయనారంభించినా, పల్లెలకు కరెంటు కోతలు, వోల్టేజి హెచ్చుతగ్గులు కొత్త కాదు. డిస్క్ రాస్తూ ఉండగా కరెంటు పోతే ఫైళ్ల పట్టిక సగంలో ఆగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కసారిగా పెరిగే వోల్టేజి వల్ల పవరు సప్లై దెబ్బతింటుంది. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నా వెనుక ఎర్తింగ్ లేని ఇళ్లలో ఈ ముప్పు మరింత ఎక్కువ.

నిలువ: ఏళ్ల తరబడి వాడకుండా ఉంచినప్పుడు మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోతుంది. కేబుళ్ల పిన్నులకు చిలుము పడుతుంది. పాత డిస్కులలో మోటారు బిగుసుకోవడం కూడా ఉన్నది.

పెట్టె విప్పేముందు

చివరిసారి ఎప్పుడు పనిచేసినదో, ఆ తరువాత ఏమి మారినదో ఇంట్లోవారిని అడిగి తెలుసుకోండి. ఇల్లు మారారా, పిడుగు పడినదా, కొత్తగా ఏదైనా అమర్చారా, యంత్రం కింద పడినదా అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానం దొరికితే సగం పని తీరినట్లే. కింద పడిన డిస్కును పరీక్ష కోసం కూడా ఆన్ చేయరాదు.

తరువాత ప్లగ్గును గోడ నుంచి పూర్తిగా తీసివేయండి. స్విచ్ ఆపితే చాలదు. ఎక్కడి తీగలు అక్కడ ఉండగానే ఫోను కెమెరాతో రెండు మూడు ఫోటోలు తీయండి. తిరిగి బిగించేటప్పుడు వాటి విలువ తెలుస్తుంది. సర్క్యూటు భాగాలను తాకే ముందు పెట్టె ఇనుప చట్రాన్ని ముట్టుకొంటే ఒంటిలోని స్థిర విద్యుత్తు పోతుంది. దుమ్మును నోటితో ఊదకుండా, పొడి బ్రష్షుతో తుడవండి. పవరు సప్లై పెట్టెను మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

మొదటి పరీక్ష: చెవి

కంప్యూటరు ఆన్ చేసిన మొదటి అర నిమిషంలో డిస్క్ చేసే శబ్దమే దాని రోగ లక్షణాన్ని చెబుతుంది.

1. సన్నని హోరు, మధ్యమధ్య మెల్లని గరగర: మోటారు, హెడ్ పనిచేస్తున్నాయి. లోపం కేబులులోనో, బయోస్ అమరికలోనో, ఫైళ్ల పట్టికలోనో ఉండవచ్చు. చాలావరకు ఆశాజనకమైన స్థితి ఇది.

2. ఏ శబ్దమూ లేదు, చేతికి కదలికా తెలియదు: డిస్కుకు కరెంటు అందకపోవచ్చు, సర్క్యూటు బోర్డు కాలిపోయి ఉండవచ్చు. ముందు పవరు తీగను పరీక్షించాలి.

3. టక్... టక్... అని లయగా కొట్టుకోవడం: తాను ఎక్కడ ఉన్నదీ హెడ్ గుర్తించలేకపోతున్నది. పవరు సప్లై బలహీనత వల్ల కూడా ఈ శబ్దం రావచ్చు గనుక మంచి పవరు సప్లైతో ఒక్కసారి మాత్రం చూడవచ్చు. మారకపోతే వెంటనే ఆపివేయాలి.

4. కీచుమనడం, గీరుకొంటున్న చప్పుడు: హెడ్ పళ్లేనికి తగులుతున్నదని భావించాలి. ఆన్‌లో ఉన్న ప్రతి నిమిషమూ అయస్కాంత పూతను, దానితో పాటు సమాచారాన్ని చెరిపివేస్తుంది. ఇక ఇంట్లో చేయవలసినదేమీ లేదు.

రెండవ పరీక్ష: తెరపై వచ్చే మాట

"ప్రైమరీ మాస్టర్ హార్డ్ డిస్క్ ఫెయిల్" అని వస్తే డిస్క్ నుంచి బయోస్‌కు సమాధానం రాలేదని అర్థం. పవరు, కేబులు, జంపరు ఈ మూడింటిని వరుసగా చూడాలి.

"నాన్ సిస్టమ్ డిస్క్" లేదా "డిస్క్ బూట్ ఫెయిల్యూర్" అని వస్తే కంగారుపడకుండా ముందు ఫ్లాపీ డ్రైవులో పాత ఫ్లాపీ గాని, వెనుక పెన్ డ్రైవు గాని ఉన్నదేమో చూడండి. అది తీసివేస్తే చాలాసార్లు యంత్రం మామూలుగా లేస్తుంది.

"ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్" అంటే విండోస్ ఎక్స్‌పీని లేపే చిన్న ఫైలు దొరకలేదు. ఫ్లాపీ, పెన్ డ్రైవు ఏవీ లేకుండా కూడా ఈ మాట వస్తే డిస్క్ తిరుగుతున్నదని, ఫోటోలు, లెక్కలు భద్రంగా ఉండే అవకాశం ఎక్కువని గ్రహించాలి. విండోస్‌ను మళ్లీ ఎక్కిస్తామని దుకాణంలో చెబితే తొందరపడి ఒప్పుకోవద్దు. ముందు డిస్కును మరొక కంప్యూటరుకు తగిలించి సమాచారం తీయమని కోరండి.

"అన్‌మౌంటబుల్ బూట్ వాల్యూమ్" అనే నీలి తెరకు ఫైళ్ల పట్టిక దెబ్బతినడం ఒక కారణం. కేబులు సరిపడకపోయినా అదే మాట వస్తుంది.

"స్మార్ట్ స్టేటస్ బ్యాడ్, బ్యాకప్ అండ్ రీప్లేస్" అనేది డిస్క్ తన గురించి తానే చెప్పిన మాట. విండోస్ మామూలుగా లేచినా నమ్మరాదు. ఆ రోజే నకలు తీయాలి.

మూడవ పరీక్ష: తీగలు, జంపర్లు, బ్యాటరీ

ప్లగ్గు తీసి ఉంచి ఈ పనులు చేయాలి.

1. పవరు తీగ: పాత ఐడీఈ డిస్కుకు నాలుగు తీగల తెల్లని కనెక్టరు ఉంటుంది. ఎరుపు 5 వోల్టులు, పసుపు 12 వోల్టులు, నలుపు రెండూ గ్రౌండు. పసుపు తీగ మోటారును తిప్పుతుంది, ఎరుపు తీగ సర్క్యూటుకు శక్తినిస్తుంది. మరొక కనెక్టరుకు మార్చి చూడండి. మల్టీమీటరు వాడడం తెలిసినవారు యంత్రం నడుస్తుండగా కొలిస్తే 12 వోల్టుల తీగలో 11.4 నుంచి 12.6 వరకు, 5 వోల్టుల తీగలో 4.75 నుంచి 5.25 వరకు రావాలి. తగ్గితే తప్పు పవరు సప్లైది. మదర్‌బోర్డు మీది కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నవేమో కూడా చూడండి. 2000 దశకం తొలి సంవత్సరాలలో తయారైన బోర్డులలో ఇది విస్తారంగా కనిపించిన లోపం.

2. సమాచార కేబులు: 40 పిన్నుల వెడల్పాటి పట్టీ కేబులు అంచున ఉన్న ఎర్రగీత సాధారణంగా పవరు కనెక్టరు వైపు ఉండాలి. 80 తీగల కేబులయితే నీలం కొన మదర్‌బోర్డుకు, నలుపు కొన మాస్టరు డిస్కుకు, మధ్యలోని బూడిదరంగు కొన స్లేవుకు తగిలించాలి. కేబులు తీసి, పిన్నులు వంగలేదని చూసుకొని, తిరిగి గట్టిగా నొక్కడంతోనే లేచిన యంత్రాలు ఎన్నో ఉన్నాయి. అనుమానం ఉంటే కేబులునే మార్చండి.

3. జంపరు: ఒకే కేబులు మీద రెండు డ్రైవులుంటే ఒకటి మాస్టరుగా, మరొకటి స్లేవుగా ఉండాలి. రెండూ ఒకటే అయితే ఏదీ కనిపించకపోవచ్చు. ఎట్లా అమర్చాలో డిస్క్ మీది చీటీపైనే ముద్రించి ఉంటుంది. వెస్టర్న్ డిజిటల్ వారి అనేక పాత డిస్కులలో డ్రైవు ఒంటరిగా ఉన్నప్పటి అమరిక, స్లేవుతో కూడిన మాస్టరు అమరిక వేరువేరుగా ఉంటాయి. సీడీ డ్రైవును తీసివేసిన తరువాత హార్డ్ డిస్క్ కూడా కనిపించకుండా పోయిందంటే ముందుగా చూడవలసినది ఈ జంపరునే.

4. బ్యాటరీ: తెరపై గడియారం ఏళ్ల వెనుకకు పోయి ఉంటే మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 అనే నాణెం వంటి బ్యాటరీ అయిపోయినట్లు. దానితో పాటు డిస్క్ అమరికలు కూడా బయోస్ మరచిపోతుంది. కొత్త బ్యాటరీ వేసి, బయోస్‌లో తేదీ సరిచేసి, డిస్క్ గుర్తింపును "ఆటో"లో ఉంచండి. డిస్క్ పోయిందని భావించిన యంత్రం కొన్నిసార్లు ఈ కొద్దిపాటి ఖర్చుతోనే లేస్తుంది.

డిస్క్ కనిపిస్తున్నది గాని విపరీతంగా నెమ్మదించిందంటే మరొక కారణం ఉన్నది. కేబులు లోపం వల్ల తప్పులు ఆరు పర్యాయాలు దాటితే విండోస్ ఎక్స్‌పీ ఆ డిస్కును వేగవంతమైన డీఎంఏ పద్ధతి నుంచి పీఐవో అనే నెమ్మది పద్ధతికి దించుతుంది. కేబులు మార్చి, డివైస్ మేనేజరులో ప్రైమరీ ఐడీఈ చానెల్‌ను తొలగించి, యంత్రాన్ని తిరిగి ఆన్ చేస్తే పూర్వపు వేగం వస్తుంది. డిస్కుకు వచ్చిన ఈ నిందలో డిస్క్ తప్పేమీ లేదు.

నాలుగవ పరీక్ష: డిస్క్ దినచర్య

1990 దశకం చివరి నుంచి వచ్చిన డిస్కులు దాదాపు అన్నీ తమ ఆరోగ్యాన్ని స్మార్ట్ అనే పట్టికలో నమోదు చేసుకొంటాయి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వంటి ఉచిత సాఫ్టువేరుతో దానిని చదవవచ్చు. పట్టిక పెద్దదే అయినా నాలుగు వరుసలు చూస్తే చాలు.

5వ అంశం: ఇప్పటికే పక్కన పెట్టిన సెక్టార్ల సంఖ్య. కొద్దిగా ఉండి నిలకడగా ఉంటే జాగ్రత్తతో వాడవచ్చు. వారం వారం పెరుగుతుంటే డిస్క్ అవసాన దశలో ఉన్నట్లు.

197వ అంశం: చదవలేక నిరీక్షణలో ఉంచిన సెక్టార్లు. ఇక్కడ సున్నా కానిదేది కనిపించినా వెంటనే నకలు తీయాలి.

198వ అంశం: డిస్క్ తనంతట తాను పరీక్షించుకొన్నప్పుడు చదవలేకపోయిన సెక్టార్లు.

199వ అంశం: కేబులు మీద జరిగిన తప్పులు. 5, 197 సున్నాగా ఉండి ఇది మాత్రమే పెరిగితే కేబులును అనుమానించాలి.

పట్టిక బాగున్నంత మాత్రాన డిస్క్ క్షేమమని హామీ లేదు. ముందస్తు హెచ్చరిక ఏదీ లేకుండా ఆగిపోయే డిస్కులు కూడా ఉంటాయి.

నకలు తీయడం

ఇదే ఈ వ్యాసానికి ప్రాణం. డిస్కును పాత యంత్రంలోనే ఉంచి విండోస్‌ను లేపడం కంటే, దానిని బయటికి తీసి ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే ఎడాప్టరు ద్వారా మంచి కంప్యూటరుకు తగిలించడం శ్రేయస్కరం. మూడున్నర అంగుళాల డిస్కుకు 12 వోల్టులు విడిగా అందాలి గనుక సొంత పవరు తీగ గల ఎడాప్టరునే తీసుకోవాలి. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు, బెంగళూరులోని ఎస్పీ రోడ్డు వంటి కంప్యూటరు బజార్లలో ఇటువంటి పాత కాలపు ఉపకరణాల కోసం విచారించవచ్చు.

తగిలించగానే కొత్త కంప్యూటరు "ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని అడగవచ్చు. ఫైళ్ల పట్టిక చదవలేనప్పుడు విండోస్ అడిగే మాట ఇది. "క్యాన్సిల్" తప్ప మరొక సమాధానం ఇవ్వరాదు. పాత యంత్రంలోనే లేపితే "చెకింగ్ ఫైల్ సిస్టమ్" అనే నీలి తెర వచ్చి కొద్ది క్షణాల గడువు ఇస్తుంది. ఆ గడువులో ఏదో ఒక మీట నొక్కి దానిని ఆపండి. తనిఖీకి సమయం తరువాత వస్తుంది.

అనారోగ్య డిస్క్ ఎంతసేపు నడుస్తుందో చెప్పలేము. అందువల్ల తిరిగి దొరకనివాటిని ముందు, దొరికేవాటిని వెనుక తీయాలి. పొలం పహణీ కాగితాల నకళ్లు పోయినా భూమి పథకం కింద కంప్యూటరీకరించిన రికార్డుల నుంచి తిరిగి పొందవచ్చు. సినిమాలు, పాటలు మరొకచోట దొరుకుతాయి. కన్నుమూసిన పెద్దల ఫోటో మరొకచోట దొరకదు.

వెతకవలసిన చోట్లు ఇవి:

1. సీ డ్రైవులో "డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్" ఫోల్డరు. డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్, మై పిక్చర్స్ అన్నీ ఒక్కొక్కరి పేరు కింద ఇందులోనే ఉంటాయి. "యాక్సెస్ డినైడ్" అని వస్తే సమాచారం పోయినట్లు కాదు. కొత్త యంత్రంలో ఆ ఫోల్డరు యాజమాన్య హక్కు తీసుకొంటే తెరచుకొంటుంది.

2. ట్యాలీ లెక్కలు. ట్యాలీ ఫోల్డరులోని "డేటా" అనే ఫోల్డరును మొత్తంగా తీయాలి. విడివిడి ఫైళ్లతో ప్రయోజనం లేదు.

3. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఉత్తరాలు. డీబీఎక్స్ అనే పొడిగింపు గల ఈ ఫైళ్లు దాచిన ఫోల్డరులో ఉంటాయి. దాచినవి చూపించే అమరికను ముందు మార్చుకోవాలి.

4. "విండోస్" ఫోల్డరులోని "ఫాంట్స్" ఫోల్డరు. తెలుగువారు తప్పక తీయవలసినది, సాధారణంగా మరచిపోయేది ఇదే.

ఈ నాలుగవదానికి కొంత వివరణ అవసరం. 2000 దశకంలో మన డీటీపీ కేంద్రాలలో, ఇళ్లలో అను, శ్రీలిపి వంటి సాఫ్టువేర్లతో టైపు చేసిన తెలుగు యూనికోడ్ కాదు. ఆ ఫైలులో దాగి ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. ఫలానా ఫాంటు ఉన్నప్పుడే అవి తెలుగుగా కనిపిస్తాయి. ఫాంటు లేకుండా ఫైలును మాత్రం కాపాడుకొంటే అర్థం లేని గుర్తుల వరుస మిగులుతుంది. మన జిల్లాలో కార్యాలయాలకు రాసిన కన్నడ అర్జీలు పాత నుడి సాఫ్టువేరులో ఉన్నా ఇదే ఇబ్బంది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటులో టైపు చేసినవి మాత్రం యూనికోడ్ గనుక ఎక్కడైనా తెరచుకొంటాయి. నకలు తీసిన తరువాత పాత యంత్రం ఇంకా లేస్తుంటే ముఖ్యమైన పేజ్‌మేకర్, వర్డ్ ఫైళ్లను ఫాంటుతో సహా పీడీఎఫ్‌గా మార్చుకోవడం మంచిది. శుభలేఖలు, సంస్మరణ సంచికలు, వంశవృక్షాలు అట్లా మిగిలితేనే తరువాతి తరం చదవగలదు.

డిస్క్ మధ్యమధ్య ఆగిపోతూ, కొన్ని ఫైళ్ల వద్ద నిలిచిపోతూ ఉంటే మామూలు కాపీ పనికిరాదు. చదవలేని గది వద్దనే విండోస్ పదే పదే ప్రయత్నించి డిస్కును అలసటకు గురిచేస్తుంది. దీనికి డీడీ రెస్క్యూ అనే ఉచిత సాఫ్టువేరు ఉన్నది. సిస్టమ్ రెస్క్యూ అనే లైనక్స్ సీడీలో లేదా పెన్ డ్రైవులో ఇది లభిస్తుంది. ముందుగా బాగున్న భాగాలన్నింటినీ తీసి, చెడిన చోట్లను వదిలి, చివరన వాటి వద్దకు తిరిగి వస్తుంది. ఎంతవరకు తీసినదీ ఒక పట్టికలో రాసుకొంటుంది గనుక మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటు నుంచే కొనసాగించవచ్చు. మన పల్లెలకు ఇది ఎంతో ఉపయోగకరమైన గుణం. అయితే ఆజ్ఞలో మొదట రాయవలసినది పాత డిస్క్ పేరు, తరువాతది కొత్త డిస్క్ పేరు. ఈ రెండూ తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి పాత సమాచారం మీద పడుతుంది. రెండుసార్లు సరిచూసుకొన్న తరువాతే ఎంటర్ నొక్కాలి.

నకలు చేతికొచ్చిన తరువాత

ఇప్పుడు డిస్క్ మీద ప్రయోగాలు చేయవచ్చు. చెక్ డిస్క్ ఫైళ్ల పట్టికను సరిచేస్తుంది, చెడిన సెక్టార్లను గుర్తిస్తుంది. దీనిని నకలుకు ముందు చేయవద్దనడానికి కారణం ఉన్నది. పట్టికను సరిచేసే ప్రయత్నంలో అది తెగిన ఫైళ్లను ముక్కలుగా వేరు చేసి పేర్లు మార్చవచ్చు. పైగా గంటల తరబడి డిస్కును తిప్పుతుంది. బలహీనమైన డిస్క్ ఆ శ్రమలోనే ఆగిపోవచ్చు.

చెడిన సెక్టార్లు పెరుగుతున్న డిస్కును ఫార్మాట్ చేసి తిరిగి వాడడం మానండి. పాత యంత్రమే కావాలంటే డిస్కును మార్చండి. ఒక పరిమితి గుర్తుంచుకోవాలి. 2000 దశకపు తొలి నాళ్ల వరకు వచ్చిన అనేక మదర్‌బోర్డులు 137 గిగాబైట్లకు మించిన డిస్కును పూర్తిగా గుర్తించవు. విండోస్ ఎక్స్‌పీకి కూడా ఇందుకు మొదటి సర్వీస్ ప్యాక్ అవసరం. అంతకన్నా పాత యంత్రాలలో 32 గిగాబైట్ల వద్ద, 8.4 గిగాబైట్ల వద్ద కూడా ఇటువంటి ఆటంకాలున్నాయి. కొత్త డిస్క్ పెట్టగానే యంత్రం స్తంభించిపోతే డిస్క్ చెడినదని తీర్మానించకుండా ఈ పరిమితిని పరిశీలించండి.

ఫ్లాపీల సంగతి

కొందరి ఇళ్లలో పాత సమాచారం 1.44 మెగాబైట్ల ఫ్లాపీలలో కూడా ఉన్నది. ఫ్లాపీ డ్రైవు దీపం ఆన్ చేసింది మొదలు ఆరకుండా వెలుగుతూ ఉంటే 34 పిన్నుల కేబులు తిరగబడినట్లు. అన్ని ఫ్లాపీలూ చదవకపోతే డ్రైవు హెడ్ మురికి పట్టి ఉండవచ్చు. ఒకటి రెండు మాత్రమే చదవకపోతే లోపం ఆ ఫ్లాపీలదే. ఇనుప తలుపును పక్కకు జరిపి చూసి, లోపలి పొర మీద బూజు మచ్చలుంటే దానిని డ్రైవులో పెట్టవద్దు. ఆ బూజు హెడ్‌కు అంటుకొని తరువాత పెట్టే మంచి ఫ్లాపీని కూడా గీరుతుంది. చదవగలిగిన ఫ్లాపీలను ఆలస్యం చేయక కంప్యూటరులోకి ఎక్కించుకోండి. యూఎస్‌బీ ద్వారా పనిచేసే ఫ్లాపీ డ్రైవులూ ఉన్నాయి.

చేయకూడని పనులు

డిస్కును ఫ్రిజ్‌లో పెడితే లేస్తుందన్న మాట చాలాకాలంగా ప్రచారంలో ఉన్నది. బయటికి తీసిన వెంటనే మన వాతావరణంలో దానిపై చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ పళ్లేలకూ సర్క్యూటుకూ హాని చేస్తుంది. చేత్తో తట్టడం, నేలకు కొట్టడం కూడా అటువంటివే. అదే మోడల్ డిస్క్ నుంచి సర్క్యూటు బోర్డు తెచ్చి మార్చడం బాగా పాత డిస్కులలో కొన్నిసార్లు పనిచేసేది. తరువాతి వాటిలో ప్రతి డిస్కుకూ ప్రత్యేకమైన వివరాలు ఆ బోర్డు మీదనే రాసి ఉంటాయి గనుక బోర్డు మార్పు ఒక్కటే చాలదు. తీసిన ఫైళ్లను అదే డిస్క్ మీద దాచడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

నిపుణుల వద్దకు ఎప్పుడు?

టక్ టక్ శబ్దం ఆగకపోయినా, గీరుడు వినిపించినా, కింద పడినా, నీటిలో తడిసినా ఇక ఇంటి వైద్యం చాలించాలి. తడిసిన డిస్కును ఎండలో ఆరబెట్టకుండా అట్లాగే ప్యాక్ చేసి అప్పగించడం మేలు. మూత విప్పి పనిచేయగలిగే ధూళిరహిత గదులున్న సంస్థలు హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాలలో ఉన్నాయి. ఇవ్వబోయే ముందు మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: పరీక్షకు ఎంత, సమాచారం రాకపోతే ఎంత చెల్లించాలి, మీ సమాచారాన్ని గోప్యంగా ఉంచి పని ముగిసిన తరువాత వారి వద్ద నకలు చెరిపివేస్తారా. ఖర్చు పాత కంప్యూటరు ధరకు ఎన్నో రెట్లు కావచ్చు. అందుకే లోపల ఏమున్నదో ఇంట్లో అందరూ కూర్చొని ఒక జాబితా రాసుకొని, అది అంత విలువైనదా అని నిర్ణయించుకోవాలి.

నకలు దక్కినవారు దానిని ఒకే చోట ఉంచవద్దు. ఒకటి ఇంట్లో, మరొకటి వేరే ఊరిలో ఉన్న కొడుకు వద్దనో కూతురు వద్దనో ఉంచండి. ఏడాదికొకసారి తెరచి చూడండి. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సంస్థ 2014 ఏప్రిల్ 8న మద్దతు నిలిపివేసింది గనుక బాగుపడిన పాత యంత్రాన్ని ఇంటర్నెట్‌కు తగిలించకుండా, పాత ఫైళ్లు తెరవడానికి మాత్రమే వాడుకోవాలి.

ఇంకా మొరాయించని పాత కంప్యూటరు ఇంట్లో ఉన్నవారికి చివరి సూచన. పైన చెప్పిన పరీక్షలలో ఏదీ మీకు అవసరం పడకముందే, డిస్క్ మామూలు హోరుతో తిరుగుతున్న ఈ రోజులలోనే, ఫాంట్స్ ఫోల్డరుతో సహా నకలు తీసిపెట్టుకోండి.